జవాబు అవాయి

పోయిన నెల జనగామలో ఏదో ఉత్సవమని మనవరాలు బలవంతం చేస్తే మైదానానికి వెళ్ళాను. చీకటి పడీ పడకముందే వందలకొద్దీ డ్రోన్లు చుక్కల్లా లేచి, ఒకసారి నెమలి అయి, ఒకసారి బతుకమ్మ అయి తల మీద నిలబడితే, జనమంతా ఫోన్లు పైకెత్తి నోళ్ళు తెరుచుకుని చూశారు. నిజం చెప్పొద్దూ, నా ఒళ్ళు కూడా జలదరించింది. అయితే మొదటి చుక్క లేవగానే, నాకు తెలియకుండానే దానికి వీపు పెట్టి, వెనక చీకటిగా ఉన్న వైపుకు తిరిగి నిలబడ్డానట. మనవరాలు నవ్వి, "అటు గాదు అమ్మమ్మా, గిటు సూడు" అంటూ భుజాలు పట్టుకుని తిప్పింది. ముసలిదానికి మతి పోతోందని అనుకుని ఉంటుంది పాపం.

ఇప్పటి పిల్లలు రాకెట్ అనేదాన్నీ, పుస్తకాల్లో తారాజువ్వ అని రాసేదాన్నీ మావైపు అవాయి అనేవాళ్ళం. ఉర్దూలో గాలిని హవా అంటారు కదా, ఆ హవాయే మన నోళ్ళలో నలిగి అవాయి అయిందని నాతో పనిచేసిన ఉర్దూ సారు చెప్పేవాడు. పెళ్ళి ఊరేగింపుల్లో అవాయి లేస్తే చెవులు మూసుకుని ఎగిరిన వయసులో నాకు దాని అర్థం సంబురం ఒక్కటే. దానికి ఇంకో అర్థం ఉందని ఇరవై రెండేళ్ళ వయసులో, మానుకోట వైపు గూడూరు దగ్గర అడవి అంచున ఉన్న ఊరికి పంతులమ్మగా వెళ్ళాకే తెలిసింది.

అక్కడ నాకు గది అద్దెకిచ్చిన ఇంటాయనను బాపు అనీ, ఆయన భార్యను అవ్వ అనీ పిలిచేదాన్ని. ఆ చుట్టుపక్కల అవాయిలు కట్టడం తెలిసిన మనిషి బాపు ఒక్కడే. జాతర నెల రోజులుందనగా ఇంటి వెనక వెదురు గొట్టాలు ఎండేవి, అవ్వ జిల్లేడు బొగ్గు నూరుతూ మోచేతుల దాకా నల్లబడి, ఆ చేతులతోనే నాకు చాయ్ తెచ్చిచ్చేది. బాపు మాట తక్కువ మనిషి, ఆయన వంతు కూడా కలిపి అవ్వే మాట్లాడేది. నేను సన్నగా ఉన్నానని, జీతం వచ్చినా తినడం చేతకావడం లేదని, పెళ్ళయితే అత్తగారు నా వంటకు ఏమంటుందోనని రోజూ ఏదో ఒకటి అంటూనే ఉండేది.

ఊరికి వాగవతల, గుట్టల వెంబడి ఐదు తండాలుండేవి. జాతరనాడు పొద్దుగూకే వేళ గుడి ముందు బాపు మొదటి అవాయి ముట్టించేవాడు. ఊరు సల్లగున్నది, రండి అని దాని అర్థం. అది చూసి ఒక్కో తండావాళ్ళు బాపు ముందే కట్టిచ్చిన అవాయి వదిలేవాళ్ళు. దాన్ని జవాబు అవాయి అనేవాళ్ళు. విచిత్రమేమిటంటే, మా అవాయి లేచీ లేవకముందే ఊరంతా దానికి వీపు పెట్టి గుట్టల వైపు తిరిగేది. నల్లటి అడవి మీద ఒకటి, దూరంగా ఇంకొకటి, ఇలా ఐదూ లేచి, ఐదూ లెక్కపెట్టుకున్నాకే డప్పు మోగేది. మొదటి ఏడు నేనూ వాళ్ళతో పాటు తిరిగి లెక్కపెట్టాను. మనిషి కేకేస్తే అందనంత దూరాన్ని అంత చిన్న వెలుగు దాటడం నేను అంతకుముందు ఎరగను. జాతర ముందు ఊళ్ళో ఎవరైనా పోతే మాత్రం ఆ ఏడు అవాయి లేవదు. అప్పుడు తండావాళ్ళు డప్పులు ఇళ్ళ దగ్గరే వదిలి, కొంగుల్లో బియ్యం కట్టుకుని, ఏడవడానికి వచ్చేవాళ్ళు. మనిషి పోయాడనడానికి ఆ ఊళ్ళో 'వాళ్ళింట్ల అవాయి లేవలేదు' అనడమే వాడుక.

రెండో ఏడు జాతర ముందు అవ్వకు నాలుగు రోజులు విడవని జ్వరం. జాతరనాటి పొద్దున స్పృహ తప్పితే, బాపు బండి కట్టించి గూడూరు తీసుకుపోయి, అక్కడి నుంచి బస్సులో మానుకోట దవాఖానకు పట్టుకుపోయాడు. అవాయిల సంగతి ఎవరికీ చెప్పలేదు, అడిగే ధైర్యం మాకూ లేకపోయింది. పొద్దు గుట్టల వెనక్కి దిగుతుంటే పెద్దమనుషులు మా అరుగు మీద చేరారు. చదువుకున్నదాన్ని కదా, నేను నిచ్చెన తెచ్చి, అటక మీద నుంచి ఒక అవాయి దించి ముట్టిస్తే ఏమవుతుందన్నాను. వాళ్ళలో పెద్దాయన తల పైకెత్తకుండా, "ఆమె పానం ఎట్లున్నదో తెల్వక, సల్లగున్నమని ఎట్ల జెప్తం బిడ్డా" అన్నాడు. నేను నిచ్చెన గోడకు చేరేశాను. అవ్వ ఎలా ఉందోనన్న దిగులులో, అవాయి లేవకపోతే అవతలివాళ్ళకు ఏమని అర్థమవుతుందో మాలో ఒక్కరికీ తట్టలేదు.

కాసేపటికి వాగులో లాంతర్లు కదిలాయి. డప్పుల చప్పుడు లేదు. ఆడవాళ్ళు తిన్నగా మా ఇంటి ముందుకు వచ్చి కూర్చుని, వాళ్ళ భాషలో అవ్వను తలుచుకుని ఏడవడం మొదలుపెట్టారు. దవాఖానకు పోతున్న బండిని దారిలో వాళ్ళలో ఒకామె చూసిందట. నాకు ఆ ఏడుపులో యాడీ, అంటే అమ్మా, అన్న మాట ఒక్కటే తెలిసింది. ఎవరూ పోలేదని మేమంటే, మరి అవాయి ఎందుకు లేవలేదని వాళ్ళు అడిగారు. వాళ్ళను ఊరుకోబెట్టబోయి మేమే ఏడ్చాం. ఆ క్షణాన అవ్వ లేదనే నేను నమ్మాను.

అప్పుడు జీపు ఒకటి వచ్చి ఆగింది. బాపు ముందు దిగి చెయ్యి అందిస్తే, అవ్వ దిగింది. రెండు సీసాల గ్లూకోజు ఎక్కాక కళ్ళు తెరిచి, జాతరనాడు దవాఖానలో పండేది లేదని కొట్లాడి వచ్చిందట. అందరూ గప్‌చుప్ అయిపోయారు. ఆమె జీపు పట్టుకుని నిలబడి ఒక్కొక్కరినీ చూసి, "ఏందే, సావకముందే ఏడుస్తున్నరు? ఆపిండ్రెందుకు, ఏం జెప్తరో జర ఇననియ్యుండ్రి" అంది. తర్వాత బాపు వైపు తిరిగి, "నన్నేం జూస్తవ్, అవాయి ముట్టియ్యి" అంది.

గోడకు చేరేసిన నిచ్చెన ఎక్కి బాపు అవాయి దించి ముట్టించాడు. అది బుస్సున లేచింది. అలవాటు కొద్దీ అందరం గుట్టల వైపు తిరిగాం. తిరిగాక గుర్తుకొచ్చింది, జవాబు చెప్పేవాళ్ళంతా మా పక్కనే నిలబడి ఉన్నారని. అడవి నల్లగా ఉంది. బాపు తల దించుకున్నాడు. అంతలో అన్నిటికంటే దూరపు తండా మీద సన్నటి గీత ఒకటి లేచింది. నడవలేక ఇళ్ళ దగ్గరే ఉండిపోయిన ముసలివాళ్ళు, ఏడుపుకు రాలేకపోయామని కూర్చున్నవాళ్ళు, మా వెలుగు చూసి లేచి ముట్టించారు. ఇంకొకటి, ఇంకొకటి. అవ్వ పైకే లెక్కపెట్టింది. ఐదు అన్నాక అరుగు మీద కూలబడి, ఆరోజు మొదటిసారి తను ఏడ్చింది. అంతటి వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

బాపూ, అవ్వా పోయి చాలా ఏళ్ళయింది. ఆ కబురు నాకు ఫోనులోనే వచ్చింది. ఇప్పుడు ప్రతి తండాలోనూ ఫోన్లున్నాయి, బతికున్న మనిషి కోసం ఎవరూ పొరపాటున ఏడవరు. మంచిదే, కాదనను. కానీ ఆకాశంలో వెలుగు లేస్తే అవతల ఎవరో చూస్తున్నారనీ, వాళ్ళు పలికేదాకా మన పండగ మొదలుకాదనీ అనుకునే రోజులు పోయాయి.

మైదానంలో డ్రోన్లన్నీ దిగిపోయి జనం బండ్ల వైపు కదులుతుంటే, ఇదంతా మనవరాలికి చెప్పాను. అది ఫోను సంచిలో పెట్టి, నేను మొదట తిరిగిన చీకటి వైపుకే తిరిగింది.

"ఎన్ని రావాలె అమ్మమ్మా?" అని అడిగింది.

ఐదు అన్నాను. ఇద్దరం ఆ చీకటి వైపే చూస్తూ నిలబడ్డాం.