మీటరు బాబాయి చేతిరాత

ఇంటింటికీ ఇంటర్నెట్ తీగ లాగే ఆయనకు మీటరు బాబాయి అని పేరు పడి ఇరవై ఏళ్లయింది. ఏ ఇంట్లో నెట్ మొండికేసినా, తీగ కొసకు తన చిన్న మీటరు తగిలించి, "నేను కాదండీ, ఇది చెబుతుంది" అనేవాడు. అది చెప్పిందే చెప్పేవాడు. ఆ సంగతి తలుచుకుని కాస్త గర్వపడేవాడు కూడా. పడనివ్వండి, ఆయనకున్నది అదొక్కటే.

ఈ ఏడాది కంపెనీ కొత్త పద్ధతి పెట్టింది. తమతో ఒప్పందం చేసుకున్న యాప్‌లు పరుగెత్తుతాయి, మిగతావి నత్తనడక నడుస్తాయి. "తీగ మనది. ఎవర్ని ముందు పంపాలో మనిష్టం. జనం అడిగితే లోపం మీ ఫోన్‌లోనే ఉందని చెప్పండి" అన్నాడు మేనేజరు. బాబాయి తలూపాడు. ఉద్యోగం మరి. ఆ రోజు నుంచి మీటరు చెప్పని మాటలు ఆయన చెబుతూ వచ్చాడు. నోటిమాటలు కాబట్టి గాలికి కొట్టుకుపోయాయి.

ఒక్కచోట మాత్రం పోలేదు. సందు చివర ఉండే టైలరక్కకు చెవులు వినపడవు, మాట రాదు. ఏం చెప్పాలన్నా కాగితం మీద రాయాల్సిందే. అలా మూడుసార్లు రాసిచ్చాడు, లోపం మీ ఫోన్‌లోనే ఉందని. కింద తేదీ, సంతకం. ఇన్నేళ్ల అలవాటు, చెయ్యి ఊరుకోదుగా.

ఇప్పుడదే పీకల మీదికొచ్చింది. కంపెనీలు ఇలా చెయ్యొచ్చా కూడదా అని ప్రభుత్వం విచారణ పెట్టి, రుజువులుంటే పంపమని జనాన్ని అడిగింది. ఆ వార్త చదివిన దగ్గర్నుంచి బాబాయికి ముద్ద దిగడం లేదు.

"వెళ్లి ఆ చీటీలు తెచ్చేసుకోరాదూ?" అంది భార్య.

"ఏమని అడగను?"

"ఆఫీసుకు కావాలని చెప్పండి. ఉద్యోగం పోతే ఈ వయసులో మిమ్మల్ని ఎవరు పెట్టుకుంటారు?"

మర్నాడు పొద్దున్నే వెళ్లాడు. తలుపు తీసే ఉంది. టైలరక్క ఫోన్ ఎదురుగా పెట్టుకుని, పొరుగూళ్లో నర్సింగు చదివే కూతురితో చేతులతో మాట్లాడుతోంది. వినికిడి లేనివాళ్లు తమకోసం తామే తయారుచేసుకున్న చిన్న వీడియో కాల్ యాప్ అది. కంపెనీతో ఒప్పందాలూ గిప్పందాలూ లేవు.

బాబాయి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒకప్పుడు ఆవిడ చేతులు చూస్తుంటే కళ్లు తిరిగేవి, అంత వేగం. ఇప్పుడు ఒక సైగ చేసి, చెయ్యి గాల్లోనే నిలిపి, తెరమీద బొమ్మ కదిలేదాకా ఆగుతోంది. తర్వాత ఇంకో సైగ. మూడోది పూర్తి కాకముందే ఫోన్ కట్టయింది.

ఆవిడ ఆయన్ని చూసి, మొహమాటంగా నవ్వి, కాగితం మీద రాసింది: "ఫోన్ కూడా మార్చాను. నా చేతులదే తొందరేమో. నెమ్మదిగా మాట్లాడడం నేర్చుకుంటున్నా."

బాబాయి లోపలికెళ్లి తీగ కొసకు మీటరు తగిలించి చూశాడు. అంకెలు నిక్షేపంగా ఉన్నాయి.

మూడు చీటీలూ తెరిచి ఉన్న కుట్టుమిషను సొరుగులో కనబడుతూనే ఉన్నాయి. అడిగితే మారుమాట లేకుండా ఇచ్చేస్తుంది. ఆయన అడక్కుండా కలం తీసి, ఇంకో చీటీ మీద ఇలా రాశాడు: "తీగ బాగుంది. ఫోన్ బాగుంది. మీ చేతులూ బాగున్నాయి. నెమ్మది చేసింది మా కంపెనీ. ముందు నేను రాసిందంతా అబద్ధం. విచారణకు నాలుగు చీటీలూ పంపండి." తేదీ వేశాడు. సంతకం దగ్గరికొచ్చేసరికి భార్య ముఖం కళ్లముందు మెదిలింది. అయినా పెట్టాడు.

ఆవిడ రెండుసార్లు చదివింది. ఆయనకేసి చూడలేదు. నాలుగు చీటీలూ వరసగా పరిచి, ఫొటో తీసి కూతురికి పంపింది. కాసేపటికి కూతురి కాల్‌తో ఫోన్ వెలిగింది.

టైలరక్క చేతులు లేచాయి. ఈసారి బొమ్మ కోసం ఆగలేదు. గబగబా, కోపంగా, మునుపటి వేగంతో మాట్లాడుతున్నాయి. ఆ కోపంలో కంపెనీకెంత వాటా, తనకెంత వాటా ఉందో తెలియక, మీటరు చేత్తో పట్టుకుని బాబాయి అక్కడే నిలబడ్డాడు.