ముద్ర లేని మాంసం

సమస్త ప్రాణులకు ఊపిరి పోసినవాడు, వాటిలో కొన్నిటిని మనకు ఆహారంగా నియమించినవాడు, ఆ ఆహారం ముందు తల వంచి కృతజ్ఞత చెప్పడం మనకు నేర్పినవాడు అయిన దేవునికి స్తోత్రం. కత్తి పట్టిన చేతిని ఆయన అసహ్యించుకోలేదు. ఆ చేతితోనే నా పిల్లలకు అన్నం పెట్టించాడు. ముందుగా ఆయన కృపను తలచుకొని ఈ సంగతి మొదలుపెడుతున్నాను. ఇందులో సంతోషం తక్కువ. అందుకే ముందు స్తోత్రం చెప్పుకోవాలి.

అది 1955, ఆషాఢ మాసం. షోలాపూర్‌లోని భవాని పేట్‌లో నాది మటన్ దుకాణం. మాది తరాలుగా కటిక పని. మా నాన్న కాలంలో మా ఇల్లు క్రైస్తవ సంఘంలో చేరింది, పని మాత్రం మారలేదు. ఆదివారం ఆరాధన గంట మోగేలోగా నేను దుకాణం కట్టేస్తానని పేట అంతటికీ తెలుసు. అందుకని ఆ రోజు మగ్గాల వాళ్లు తెల్లవారకముందే సంచులు పట్టుకొని వచ్చేవారు. వాళ్లంతా తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన మన నేతవాళ్లే. మగవాళ్లు ఇంట్లో మగ్గం మీదనో కారఖానాలోనో నేసేవారు. ఆడవాళ్లు బీడీలు చుట్టేవారు.

మంచి మాంసాన్ని ఎలా గుర్తుపట్టాలని ఇప్పటికీ చాలామంది నన్ను అడుగుతారు. వేలితో నొక్కితే గుంట పడి వెంటనే పైకి లేవాలి. చేతికి జిగురు అంటకూడదు. కొవ్వు తెల్లగా, పొడిగా ఉండాలి. వాసన ఎముక దగ్గర చూడాలి, చెడిపోవడం అక్కడే మొదలవుతుంది. వీటన్నిటికంటే ముందు స్టాంపు చూడాలి. మున్సిపాలిటీ కబేళాలో ఇన్‌స్పెక్టర్ ప్రతి జీవం కాలేయం, ఊపిరితిత్తులు, తిల్లి చూసి, బాగుంటే తొడ మీద ఊదారంగు స్టాంపు కొడతాడు. తిల్లి అంటే ప్లీహం. రోగం కనిపిస్తే ‘కండెమ్’ అంటాడు. ఆ జీవం తినడానికి పనికిరాదని తేల్చి, సున్నం వేసి పాతిపెట్టించడమే కండెమ్ చేయడం. అయితే మొక్కుల మేకలు కబేళాకు రావు. వాటిని ఇళ్ల ముందే కోస్తారు. వాటికి స్టాంపు ఉండదు.

నర్సవ్వ నా పాత బేరం. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఆమె ముక్క నొక్కి, వాసన చూసి, నా ముఖం చూసి గానీ తీసుకునేది కాదు.

“అన్నా, గిది మేకనా, మేకకు తాతనా?”

“లేతదే చెల్లె. నీకు ముదురుది ఎన్నడన్న ఇచ్చిన్నా?”

“ఇయ్యలే. ఇస్తవేమో అని భయం చెప్తున్న, గంతే.”

ఆ ఏడు ఎండాకాలంలో ఆమె ఒక్కగానొక్క బిడ్డ సత్తెవ్వకు తల్లి పోసింది. మశూచిని అలాగే అనేవారు. బిడ్డ ఒళ్లంతా గింజ పెట్టే చోటు లేకుండా పొక్కింది. నర్సవ్వ తడిగుడ్డ పరిచి, వేపమండలు పట్టుకొని, బిడ్డ బతికితే ఆషాఢంలో మేకపోతును ఇస్తానని పోచమ్మకు మొక్కుకుంది. బిడ్డ బతికింది. నర్సవ్వ మేకపిల్లను తెచ్చి గంజి తాగించి పెంచింది.

వాళ్ల ఆచారం ఇక్కడ చెప్పాలి. మేకను కోసే ముందు దాని మీద పసుపునీళ్లు చల్లి ఎదురుచూస్తారు. అది ఒళ్లు విదిలిస్తే జడ్తి ఇచ్చిందంటారు, అంటే తల్లి ఒప్పుకుందని అర్థం. తర్వాత మాంసాన్ని ఇంటికొక పోగు చొప్పున కుప్పలు పెట్టి గల్లీ మొత్తానికి పంచుతారు. మొక్కిన ఇంట్లో ఆ మాంసం ఒక్క ముద్దయినా తినాలి. తినకపోతే మొక్కు తీరనట్టే.

ప్రతి ఏడూ ఏదో ఒక ఇంటినుంచి నాకూ పోగు వచ్చేది. ప్రతి ఏడూ నేను వద్దనేవాణ్ణి. అంగడిలో అమ్మే మాంసాన్ని ఆరా తీయకుండా తినవచ్చని బైబిల్లో అపొస్తలుడు రాశాడు. ఇది అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాని కోసం తినవద్దని కూడా ఆయనే రాశాడు. సంఘంలో మాకు అలా నేర్పారు. నర్సవ్వ దానికి నొచ్చుకునేది కాదు. “నీ దేవుడు తూకం పక్కాగ చూస్తడు అన్నా” అని నవ్వి, పోగును పక్కింటికి పంపేది.

మొక్కు ఆదివారానికి పెట్టుకున్నారు. శనివారం ఉదయం ఆమె భర్త అంజయ్య నా దుకాణానికి వచ్చాడు.

“అన్నా, జెర రా. కోసే మనిషికి రేపటికి చెప్పినం, ఇయ్యాల ఊర్ల లేడు. మేమే కోసినం, పూజ అయిపోయింది. తోలు తీసి ముక్కలు కొట్టిస్తె చాలు.”

పూజ దగ్గరికి నేను రానని అతనికి తెలుసు. అది అయిపోయాకే పిలవడానికి వచ్చాడు. ఒకరోజు ముందే ఎందుకు కోశారో దారిలో అడిగాను. తల్లి అడిగిందన్నాడు.

వాళ్ల వాకిట్లో చాప మీద మేకపోతు ఉంది. గొంతు కోసి, కడుపు కూడా తెరిచారు. గల్లీ వాళ్లు ఏడెనిమిది మంది చుట్టూ నిలబడ్డారు. నర్సవ్వ ముఖం వెలిగిపోతోంది.

“పొద్దున గడ్డి ముట్టలే అన్నా. ఏమైందని దగ్గరికి పోతె ఒళ్లంత వణుకుతుంది. వేరేటియి గడియసేపు బతిమాలినా జడ్తి ఇయ్యయి. గిది నీళ్లు చల్లకముందే ఇచ్చింది. తల్లికి ఒక దినం గుడ ఆగబుద్ధి గాలే.”

నా చేతిలోని కత్తిని వెనక్కి తీసుకున్నాను. నేల మీది నెత్తురు తారులా నల్లగా ఉంది. అంతసేపైనా గడ్డకట్టలేదు. ముక్కులోంచి ఎర్రని నురగ కారింది. తిల్లి ఉండవలసినదానికి రెండింతలు ఉబ్బి, బురదముద్దలా జారిపోతోంది. కబేళాలో ఒకసారి అలాంటి జీవాన్నే ఇన్‌స్పెక్టర్ కండెమ్ చేయించాడు. ఆ రోగాన్ని ఆయన ఆంథ్రాక్స్ అన్నాడు. మనవైపు దొమ్మ అంటారు. అది మనిషికి అంటుతుంది. తింటే అంటుతుంది, పచ్చి మాంసం చేతి గాయానికి తగిలినా అంటుతుంది. వండినంత మాత్రాన దాన్ని నమ్మడానికి లేదు.

“ఎవ్వరు ముట్టకుండ్రి,” అన్నాను. “గిది దొమ్మ. వణికింది రోగంతోటి. మొత్తం పాతిపెట్టాలె.”

అంజయ్య నాకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“గిది కబేళా కాదన్నా, తల్లి ముంగట ఉన్నవ్. ఒక్కటడుగుత. మా తల్లి పోగు నువ్వు ఎన్నడన్న ముట్టినవా?”

“ముట్టలే.”

“మంచి యాటను కోసిన దినం గుడ వద్దన్నోడివే. ఇయ్యాల చెడ్డది అంటె ఎట్ల నమ్మాలె?”

అతని మాటలో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. వెనకనుంచి ఒక ముసలాయన అన్నాడు, “పోనీ, నీ యేసు మీద ఒట్టు పెట్టు. నమ్ముతం.”

“మాకు ఒట్టు కూడదు తాతా. అవునంటె అవును, కాదంటె కాదు. గంతే.”

“చూసిండ్రా,” అన్నాడు ముసలాయన. ఒకరిద్దరు నవ్వారు.

నర్సవ్వ మాత్రం నవ్వలేదు. మేక వైపు చూసింది, బిడ్డ వైపు చూసింది. సత్తెవ్వ ముఖం మీద మచ్చలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

“అన్న నాకు ఎన్నడు చెడ్డ కూర ఇయ్యలే,” అంది నెమ్మదిగా. “ఒక్క పోగు గుడ పోవద్దు. పాతిపెట్టుండ్రి.”

మొక్కు ఆమెది. ఆమె మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. సున్నం, ఫినైల్ తేవడానికి నేను దుకాణానికి వెళ్లి వచ్చాను. ముట్టినవాళ్లందరి చేతులూ కడిగించాను. మేకను చాపతో సహా బండి మీద వేసుకొని, కుంఠా నాకా అవతలి బయలులో నిలువెత్తు గుంట తవ్వించి, సున్నం పోసి పూడ్చాం. మరునాడు ఆరాధనలో నిలబడి దేవుడు ఒక గల్లీని కాపాడాడని సాక్ష్యం చెప్పాను. సంఘమంతా ఆమెన్ అంది.

బుధవారం అంజయ్య మళ్లీ వచ్చాడు. నర్సవ్వకు జ్వరమని, కడుపునొప్పితో మెలికలు తిరుగుతోందని, ఎవరినీ పిలవనివ్వడం లేదని చెప్పాడు. నేను వెళ్లేసరికి ఆమె గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. కుడిచేతిని కొంగు కింద పెట్టుకుంది. చూపించమంటే చూపించలేదు. నేనే కొంగు తీశాను. బీడీ ఆకు కత్తిరించేటప్పుడు తెగిన వేలి మీద పుండు లేచింది. దాని నడుమ బొగ్గులా నల్లగా ఉంది. మోచేతి దాకా వాపు. నొప్పి ఉందా అంటే పుండు దగ్గర లేదంది. తోళ్ల పని చేసేవాళ్ల చేతుల మీద అలాంటి పుండ్లను నేను చూశాను. టాంగా తెమ్మని అంజయ్యను పంపాను.

“ముట్టినవా చెల్లె?”

“నువ్వు సున్నానికి పొయినప్పుడు ఇంత ముక్క కోసుకున్న. ఉడకబెట్టి ఒక్క బుక్క తిన్న. పోరికి పెట్టలే. ఆయనకు గుడ పెట్టలే.”

“నేను చెప్పిన గద.”

“చెప్పినవ్. నమ్మిన గనకనే గల్లీ మొత్తానికి ఆపిన. గని నోటితోటి మొక్కిన గద అన్నా. మా ఇంట్ల ఎవ్వలు ముట్టకుంటె మొక్కు తీరదు. తీరకుంటె తల్లి మల్ల పోరి మీదికే వస్తది. నేనొక్కదాన్ని ముడితె ఇద్దరి మాట నిలవడ్తది అనుకున్న. నీది, తల్లిది.”

ఆమె పక్కన కూర్చొని అడిగాను. “ఇంకో మేకను ఇస్తె తల్లి ఒప్పుకోకపోవునా?”

ఆమె చాలాసేపు ఆలోచించింది. “ఒప్పుకుంటుండెనేమో. గప్పుడు ఎవ్వలు అనలే. నాకు గుడ తోచలే.”

పెద్ద ఆస్పత్రిలో పెన్సిలిన్ సూదులు ఇచ్చారు. డాక్టర్ ఎంతో కష్టపడ్డాడు. రోగం అప్పటికే లోపలికి పాకిందని, మొదటి రోజే వచ్చి ఉంటే వేరే మాట అని అన్నాడు. కానీ వస్తే ఆ రోగం ఎలా వచ్చిందో చెప్పాలి కదా, అందుకే ఆమె దాచుకుంది. చివరిదాకా తెలివిలోనే ఉంది. మంచం పక్కన మోకరించి ప్రార్థన చేయనా అని అడిగాను. “చెయ్యి అన్నా, వద్దంటనా,” అంది. నేను కళ్లు తెరిచేసరికి నిద్రపోతోంది. గురువారం మధ్యాహ్నం ప్రాణం పోయింది. గల్లీలో ఇంకెవరికీ ఏమీ కాలేదు.

మూడోనాడు చనిపోయిన మనిషికి ఇష్టమైనవి వండి పిట్టకు పెట్టడం వాళ్ల ఆచారం. ఆ ఉదయం అంజయ్య దుకాణం ముందు నిలబడ్డాడు. ఎందుకో అడగలేదు, తెలుసు. అతను ముక్క నొక్కి చూడలేదు, వాసన చూడలేదు.

“ఏది ఇస్తవో ఇయ్యి. ఆమెకు నీ చేతి కూరనే ఇష్టం,” అన్నాడు.

సీనా, అంటే రొమ్ము వైపు ముక్క ఆమెకు ఇష్టం. అదే కోసి, శుభ్రంగా చుట్టి ఇచ్చాను. అలా చేయవచ్చా అని సంఘంలో ఒక పెద్ద నన్ను తర్వాత అడిగాడు. నాకు తెలియదనే చెప్పాను.

ఆ రోజు వాకిట్లో నేను చెప్పింది నిజం. వృత్తి నేర్పిన నిజం, దేవుడు చూపించిన నిజం. కాని అది సగం మాటే అయింది. మనిషి చేతిలోంచి ఒకటి లాక్కున్నప్పుడు ఆ చెయ్యి ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ చేతితో ఆమె ఏం చేస్తుందో నేను అడగలేదు. నా కళ్లు మేక తిల్లి మీద ఉన్నాయి. నర్సవ్వ ముఖం మీద లేవు. ఆ తర్వాత దుకాణం నడిపినన్నాళ్లూ ఎవరికైనా ఈ కూర వద్దని చెప్పవలసి వస్తే, మరి ఇంట్లో ఏం వండుతారు, ఎవరికోసం వండుతారు అని అడిగి, దానికి దారి చూపించాకే పంపేవాణ్ణి. మొక్కు మేక జబ్బు పడిందని ఎవరైనా వస్తే, ముందు ఆరోగ్యమైన ఇంకో మేకను వెతికిపెట్టి, ఆ తర్వాతే జబ్బుదాని సంగతి మాట్లాడేవాణ్ణి. కొందరు సహోదరులకు ఇది నచ్చలేదు. నేను బలిపీఠం దగ్గరికి వెళ్లలేదు, ఒక తల్లికీ చావుకీ మధ్య మేకను నిలబెట్టాను, అంతే. అది తప్పయితే తీర్పు తీర్చేవాడు ఉన్నాడు. ఆయన ఎదుట చెప్పుకుంటాను.

సత్తెవ్వ ఇప్పుడు నీలం నగర్‌లో కాపురం ఉంటోంది. తనకు పిల్లలున్నారు. తన తల్లి ఎలా పోయిందో పెద్దయ్యాక ఎవరో చెప్పారట. ఒకరోజు వచ్చి నన్ను అడిగింది, “నా కోసమే పొయిందా మామా?” అవునన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. అప్పటినుంచి ఆ బిడ్డ పేరు నా ప్రార్థనలో ఉంది.

చదివిన మీరు ఏ దేవుని బిడ్డలైనా సరే, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నాతో పాటు కళ్లు మూసుకోండి. ప్రభువా, తల్లి ప్రాణం తన మీద బరువుగా కాక, ప్రేమగా నిలిచేలా సత్తెవ్వను ఓదార్చు. వద్దని చెప్పే మా నోటికి, ఎదుటి మనిషి భయాన్ని అడిగే ఓపిక ఇవ్వు.