అవ్వ కొట్టంలో గొట్టం పొయ్యి

ఆ రోజుల్లో ప్రపంచంలో నాకు తెలియని పని లేదని నా గట్టి నమ్మకం. ఐటీఐలో వెల్డింగు నేర్చుకుని ఇంటికొచ్చాను (ఒక సబ్జెక్టు మిగిలింది, అది వేరే సంగతి). నాగిరెడ్డిపేట దగ్గర మా పొలంలో, బావి పక్కనున్న చిన్న రేకుల కొట్టంలో అవ్వ ఉండేది. చలికాలమంతా కుంపటి ముందే. ఆ పొగకు దగ్గు పట్టుకుంది. "ఐతారం దాక చూస్త. పొగ బందుకాకుంటే అమ్మను కామారెడ్డిల చెల్లె ఇంట్ల దించొస్త" అన్నాడు బాపు, అంటే మా నాన్న. "బావి ఇడిశిపెట్టి నేను యాడికి రాను" అని అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది.

దాంతో నేను రంగంలోకి దిగాను. మట్టి పొయ్యా, ఇనుప పొయ్యా అని రెండు రోజులు ఫోనులో వీడియోలు చూసి, పొగను కప్పు మీదికి పంపే మంచు దేశాల వాళ్ల గొట్టం పొయ్యే మనకు తగినదని తేల్చాను. కొట్టం ఎత్తుకు సరిగ్గా ఒక ఎండు కర్ర కోసి, గుమ్మం పక్కన ఆనించి, అన్నం తిన్నాను. తర్వాత ఆ కొలతకు గొట్టం, పొయ్యి చేయించుకొద్దామని అదే కర్ర పట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. అంత పొడుగు కర్ర బస్సులో అడ్డం లేకుండా నిలబడింది. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

ఆదివారం పొద్దున బిగించి చూస్తే గొట్టం రేకుకు మూరెడు కిందే ఆగిపోయింది. బాపు ఎదురుగా నిలబడ్డాడు, పరువు సమస్య. పొగకు పైకి పోవడం ఒకరు నేర్పాలా అనుకుని ముట్టించాను. నిమిషంలో ముగ్గురం బయట పడి దగ్గుతున్నాం. అవ్వ మెల్లగా అంది: "శాయ్ పెట్టనీకి ఆ కర్ర నేనే ఇంత ఇరిశిన బిడ్డా. గది కొల్త కట్టె అని నాకేమెర్క?" బాపు నవ్వు ఆపుకోలేక ఇంకో వారం గడువిచ్చాడు.

గొట్టానికి తక్కువైన ముక్క అతికించి రేకు పైకి తీశాను. పొగ పోయింది, అవ్వ ఉండిపోయింది. రోజూ సాయంత్రం వెళ్లి పొయ్యి ముట్టించి, స్నేహితుల దగ్గరికి పోదామని లేచేవాణ్ణి. లేచినప్పుడల్లా ఒకటే మాట. "ఇంకొక్క కట్టె పెట్టి పో బిడ్డా, సలి పెడ్తుంది. అది అంటుకునేదాక ఉండు." పొయ్యి చిన్నదైందని నా సాంకేతిక బుర్రకు తట్టింది. ఎల్లారెడ్డి తీసుకుపోయి రెండుసార్లు పెద్దది చేయించాను. అయినా ఇంకొక్క కట్టె అడిగేది.

అవ్వ ఇప్పుడు లేదు. చలి సాయంత్రాల్లో కొట్టానికి వెళ్లి ముట్టిస్తే, ఆ పొయ్యి వేడికి పది నిమిషాల్లో చొక్కా విప్పాల్సి వస్తుంది. ఇంత వేడిలో ఆమెకు చలెక్కడిదని ఒక్కసారి కూడా అడగని ఆ కుర్ర మేస్త్రీని తలచుకుంటే నవ్వొస్తుంది. వాణ్ణి భుజం పట్టి అవ్వ పక్కన కూర్చోబెట్టాలనిపిస్తుంది.