‘తీసేస్తారు’ అన్న మాట పట్టుకుని బెజవాడకు

మీ ఇంటి కుక్క నెల రోజులుగా కుంటుతుంటే, దాన్ని డాక్టరుకు చూపించకుండా ఏ దేవుడి పేరు చెప్పుకుని కూర్చున్నారు? కోపం తెచ్చుకోకండి. ఈ ప్రశ్న ముందు నాకు నేను వేసుకున్నాను. తల దించుకున్నాను. నేను ఏ బైబిలు కళాశాలలోనూ చదవలేదు. పెద్దయ్యాక వాక్యం చదవాలనే అక్షరాలు నేర్చుకున్నాను. పగలు కుట్టుమిషను తొక్కుతాను. సాయంత్రం సైకిలెక్కి కాలవగట్టు వెంట ఊళ్ళకు వెళ్ళి సువార్త చెబుతాను. ఆ సైకిలు వెనకాల పదేళ్ళు పరిగెత్తిన నాటుకుక్క పేరు బూర. నేను గొంతు పెంచగానే అదీ మెడ ఎత్తి అందుకుంటుంది. అందుకే ఆ పేరు.

క్రిస్మస్ వెళ్ళాక బూర కుడి ముంగాలు కీలు పైన వాచింది. బెణుకనుకున్నాను. రోజూ ఆముదం వెచ్చచేసి, ప్రార్థన చేస్తూ గట్టిగా తోమాను. తోమినప్పుడల్లా అది మూలిగేది, ఆ మూలుగును స్వస్థతకు సూచన అనుకున్నాను. వాపు రాయిలా గట్టిపడింది. ఫిబ్రవరి చివరకు ఆ కాలు నేలకు ఆనించడమే మానేసింది. చివరికి మా ఊరికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న కంకిపాడులో, పశువులకు సూదులేసే కాంపౌండరు దగ్గరికి ఎత్తుకెళ్ళాను. ఆయన వేలితో నొక్కి చూసి, “ఇది బెణుకు కాదండీ, ఎముకలో పుట్టింది. క్యాన్సర్లా ఉంది. ఇంక లాభం లేదు. బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, తీసేస్తారు” అని చీటీ రాసిచ్చాడు. “తీసివేయుటకు పంపుచున్నాను” అని అందులోనూ ఉంది.

లాభం లేదన్నాక తీసేసేది ఇంకేముంటుంది, ప్రాణం తప్ప? నేను అలాగే విన్నాను. ఇంటికొచ్చి నా భార్య మరియమ్మకు అలాగే చెప్పాను. ఆమె ఎండు చేపల పులుసు పెట్టి, తెల్లారగట్లే అన్నంలో కలిపి బూర ముందు పెట్టింది. “ఆఖరిదేగా, కడుపునిండా తిననీ” అంది. గిన్నె నాకేదాకా కూడా నిలబడలేక లోపలికి వెళ్ళిపోయింది.

కంకిపాడు నుంచి బెజవాడకు పొద్దున ఆరింటినుంచి బస్సులు వరసగా ఉంటాయి, అరగంట ప్రయాణం. కుక్కతో వెళ్ళేవాళ్ళు మాత్రం బస్సును నమ్ముకోవద్దు. నేను ఎక్కబోయిన రెండు బస్సుల్లోనూ కండక్టర్లు దింపేశారు. ఆరున్నరకు అరటిగెలల లారీ ఒకటి టీ కోసం ఆగింది. డ్రైవరు సుబ్బారావు ఉయ్యూరు మనిషి. నా చేతిలో గోనెపట్టా, దాని మీద బూర, చంకలో బైబిలు చూశాడు.

“ఎక్కడికండీ అయ్యగారూ, కుక్కని పెళ్ళికొడుకులా మోసుకెళ్తన్నారు?”

“బెజవాడ పశువులాసుపత్రికి. తీసేస్తారంట.”

అతను క్యాబిన్ తలుపు తీశాడు. డబ్బులు పుచ్చుకోలేదు, టీ నేను ఇప్పించాను. పెనమలూరు దాటాక నోరు విప్పాడు.

“చంపటానికి ఇంత దూరం తీసుకెళ్ళే మనిషిని ఇప్పుడే చూస్తన్నానండీ.”

“ఊళ్ళో అయితే దుడ్డుకర్రతో కొడతారయ్యా. అక్కడ సూది వేస్తారు, నొప్పి తెలియకుండా పోతుంది. నీతిమంతుడు తన పశువు ప్రాణం సంగతి కూడా చూస్తాడని వాక్యం చెబుతుంది.”

“నొప్పి తెలీకుండా పోయేదానికి తమరెందుకండీ ఏడుస్తన్నారు?”

“గాలికి.”

“అద్దాలు మూసే ఉన్నాయి కదండీ” అని, నన్ను ఇబ్బంది పెట్టకుండా రోడ్డు వైపే చూస్తూ నడిపాడు.

ఏడున్నరకల్లా బెంజ్ సర్కిల్ దగ్గర దింపాడు. అక్కడినుంచి ఆసుపత్రికి రిక్షా రూపాయిన్నర. ఎనిమిదింటికి గేటు తీస్తారు. అప్పటికే గేదెలు, ఒక జట్కా గుర్రం, గంపలో కోళ్ళు వరసలో ఉన్నాయి. మా వంతు తొమ్మిదింటికి వచ్చింది. డాక్టరు చిన్నవాడే, ముప్పై అయిదు దాటవు. చీటీ చదివి, కాలు ముట్టుకోబోతే బూర పళ్ళు చూపించింది.

“దీన్ని ఎవరండీ తోమింది?”

“నేనేనండీ. నూనె రాసి ప్రార్థన చేశాను.”

“ప్రార్థన చేసుకోండి, ఎవరొద్దన్నారు. తోమకండి. నొప్పి పెరగటమే కాదు, ఈ ఎముక పుటుక్కున విరుగుద్ది.”

ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నాడు. మనుషులకు తీసే షాపే, పక్క వీధిలో ఉంది. కాలికొకటి, ఛాతీకొకటి, రెండు ఫిల్ములకు ముప్పై రూపాయలు. కట్టు కట్టిన చేతులవాళ్ళు, దగ్గే ముసలివాళ్ళ మధ్య బూర నా ఒళ్ళో కూర్చుంది. చంపే ముందు ఇన్ని పరీక్షలేమిటో నాకు అంతుబట్టలేదు. పట్నం పద్ధతి కాబోలనుకున్నాను.

పదకొండున్నరకు డాక్టరు ఫిల్ములను కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. కాలి ఎముక ఒకచోట చెద తిన్న వాసంలా ఉండటం నాకూ కనబడింది.

“క్యాన్సరేనండీ. పొద్దున దీనికి ఏమన్నా పెట్టారా?”

“ఆఖరి భోజనం కదండీ, చేపల పులుసుతో కడుపునిండా పెట్టాం.”

“ఆఖరిదేంటండీ? మత్తివ్వాలంటే ఖాళీ కడుపు కావాలిగా. ఇంక ఇవాళ కుదరదు.”

“చంపడానికి మత్తెందుకండీ?”

డాక్టరు ఫిల్ము దించి నా మొహంలోకి చూశాడు. “చంపమని ఎవరన్నారు?”

“చీటీలోనే ఉంది కదండీ, తీసేయమని.”

“కాలు, మాస్టారూ. తీసేయమంది కాలు.”

గేదెను పట్టుకున్న రైతు ఒకాయన పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కన్నీళ్ళు తుడుచుకున్నాను. డాక్టరు మాత్రం నవ్వలేదు. స్టూలు చూపించి కూర్చోమన్నాడు.

“సంబరపడకండి, పూర్తిగా వినండి. కాలు తీస్తే నొప్పి పోద్ది. జబ్బు పోద్దని నేను చెప్పను. ఛాతీలో ఇప్పటికేమీ కనపడలేదు, కనపడనంత చిన్న గడ్డలు ఉండొచ్చు. నెలలేనండీ, ఏళ్ళు కాదు. వయసు పైబడింది, మత్తులోనే పోయినా పోవచ్చు.”

“తీయించకపోతే?”

“అప్పుడు సూదే దయ. ఊరికే ఇంటికి తీసుకెళ్ళటం మాత్రం దయ కాదు. మీరే ఆలోచించుకోండి, దాన్ని దానికోసం బతికిస్తారో, మీకోసమో.”

పాఠకులారా, చావు తప్పిందని తెలిసినప్పుడు కలిగిన ఊరట ఒక్క క్షణమే. ఆ వెంటనే ఎంపిక నా నెత్తిన పడింది. అంతదాకా ఎవరో తీర్పు చెప్పారు, నేను మోశాను. ఇప్పుడు తీర్పు నేనే చెప్పాలి. వరండాలో కూర్చుని బైబిలు తెరిచాను. రెండు కాళ్ళతో నరకంలో పడటం కంటే కుంటివాడిగా జీవంలోకి వెళ్ళడం మేలన్న మాట కంటబడింది. వంద సభల్లో చెప్పిన మాట. ఇదిగో జవాబు అని లేచి, వెళ్ళి డాక్టరుకు చెప్పాను. ఆయన చేతులు కడుక్కుంటూ, “అది మనుషుల పాపాల గురించి కదండీ. దీని పాపమేంటి?” అన్నాడు. నాకు నచ్చినదానికి వాక్యాన్ని సాక్షిగా లాక్కొచ్చానని అప్పుడు తెలిసింది. మళ్ళీ వరండాలోకి వచ్చి ఈసారి పుస్తకం మూసి, కుక్కను చూశాను.

బూర అప్పటికే లేచింది. కుడికాలు పైకి మడుచుకుని, మూడు కాళ్ళ మీద టకటకా జట్కా గుర్రం దాకా వెళ్ళింది. వాసన చూసింది, గుర్రం తోక విసిరితే పక్కకు గెంతింది. రైతు దగ్గర ఇడ్లీ ముక్క సంపాదించుకుని వచ్చి, మడిచిన కాలు నేలకు తగలకుండా జాగ్రత్తగా పడుకుంది. కొన్నాళ్ళుగా అది మూడు కాళ్ళ కుక్కే. ఆ కాలితో దానికి మిగిలిన పని నొప్పి ఒక్కటే. దానికి తిండి మీద ఆశ ఉంది, గుర్రం మీద కుతూహలం ఉంది. నాలుగో కాలు కావాలని పట్టుబట్టింది నేను.

లోపలికి వెళ్ళి, “తీసేయండి డాక్టరుగారూ” అన్నాను.

“ఏది?”

“కాలేనండీ.”

అప్పుడు నవ్వాడాయన.

ఆ రోజుకు పటమటలో మా చెల్లెలింటికి వెళ్ళాం. రాత్రి నుంచి బూరకు తిండి పెట్టలేదు, పొద్దున నీళ్ళు కూడా ఆపాం. మర్నాడు పదింటికి ఆసుపత్రిలో లోపలికి తీసుకెళ్ళి, పన్నెండున్నరకు బయటికి తెచ్చారు. భుజం దగ్గర్నుంచి తీసేశారు. మందులు, కట్టుగుడ్డలు బయట కొనుక్కోవాలి, అన్నీ కలిపి నలభై దాకా అయ్యాయి. నాలుగింటికి కళ్ళు తెరిచింది, మళ్ళీ చెల్లెలింటికే తీసుకెళ్ళాం. రెండో రోజు గోడకు ఆనుకుని లేచింది. మూడో రోజు నేను ప్రార్థనలో గొంతు పెంచితే మెడ ఎత్తి అందుకుంది. పక్కింటివాళ్ళు వచ్చి ఎవరికేమైందని అడిగారు.

అయిదో రోజు ఖాళీగా తిరిగెళ్తున్న కూరగాయల లారీలో మా ఊరికి చేరాం. మరియమ్మ వాకిట్లో నిలబడి బూరను చూసింది, తరవాత నన్ను చూసింది.

“కుక్కని పూడ్చటానికి అయిదు రోజులు పడతాయా అనుకున్నా. ఇదేంటండీ?”

“తీసేశారే. కాలు.”

“అంటే వాళ్ళన్నది కాలా? ఊరంతా తిరిగి వాక్యానికి అర్థం చెబుతారు, ఇంతోటి మాటకి అర్థం తెలీలేదా?” అంది. అంటూనే కింద కూర్చుని బూర తలను ఒళ్ళోకి తీసుకుంది. సంగతంతా రాసి బెజవాడ నుంచి నేను వేసిన కార్డు మేం చేరిన రెండు రోజుల తరవాత వచ్చింది.

ఇది జరిగి నాలుగు నెలలయింది. బూర ఇప్పుడు సైకిలు వెనక పరిగెత్తదు, క్యారియరు మీద కట్టిన బుట్టలో కూర్చుని వస్తుంది. ఎంతకాలమో నాకు తెలియదు, డాక్టరూ చెప్పలేదు. మూలగకుండా నిద్రపోతోంది, నాకు అది చాలు. స్వస్థత అంటే జబ్బు పూర్తిగా మాయం కావడమేనని ఇన్నాళ్ళూ కేకలు వేసి చెప్పినవాణ్ణి. ఒక జీవి నొప్పి లేకుండా గడిపే నాలుగు నెలలు కూడా దేవుడి చేతినుంచే వస్తాయని ఇప్పుడు చెబుతున్నాను. నా ప్రార్థన తప్పు కాదు. ప్రార్థనను సాకుగా పెట్టుకుని రెండు నెలలు ఆగడం నా పాపం. కురుపులతో వాకిట్లో పడి ఉన్న బీదవాడి దగ్గరికి కుక్కలే వచ్చాయని వాక్యంలో ఉంది. కుక్క పడి ఉంటే మనం వెళ్ళవద్దా?

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. ముందురోజు రాత్రి నుంచి కుక్కకు తిండి పెట్టకుండా తీసుకెళ్ళండి, ఒక రోజు కలిసొస్తుంది. ఈ కాగితం పక్కన పెట్టి వాకిట్లోకి వెళ్ళండి. నాలుగు కాళ్ళూ మెల్లగా తడిమి చూడండి. ఎక్కడన్నా గట్టిగా తగిలి, అది చెయ్యి లాక్కోమన్నట్టు చూస్తే ఆదివారం దాకా ఆగవద్దు, నన్ను అడగవద్దు. ఇవాళే బయల్దేరండి.