మా లిఫ్టరూ, ప్రభువు బల్లా

సాయంత్రాలు చర్చి పక్క ఖాళీ స్థలంలో ఆడే మా వాలీబాల్ జట్టుకు అతనే లిఫ్టరు. బంతిని వల మీద ఎక్కడ నిలబెట్టాలో అతని వేళ్ళకు తెలుసు. ఎగిరి కొట్టేవాళ్ళం మేము, పేరూ మాకే వచ్చేది. పగలు రొయ్యల గుంటల మీద మేత చల్లే పనికి పోయేవాడు. తాగుడు అక్కడే అలవాటయింది. మొదట్లో చలికి అన్నాడు, తర్వాత ఒళ్ళు నొప్పులకు అన్నాడు, ఆఖరికి కారణం చెప్పడం కూడా మానేశాడు.

నెల్లూరులో డీ-అడిక్షన్ సెంటరులో ఉండి వచ్చిన సాయంత్రం గ్రౌండు గట్టు మీద కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. మా జట్టులో ఆటో నడిపే అతను బంతి విసిరి, "లెయ్యి బావా, నువ్వు లేక మేం అందరం తలకాయలు పగలగొట్టుకుంటా ఉండాం" అన్నాడు. లేచాడు. మొదటి బంతి వేళ్ళలోంచి జారిపోయింది. ఎవరూ నవ్వలేదు. డాక్టరు గట్టిగా చెప్పి పంపాడట: ఒక్క చుక్క కూడా నాలుకకు తగలకూడదు, ఎవరిచ్చినా సరే, ఎందులో కలిపిచ్చినా సరే.

నేను విశ్వాసినే. అయినా నూనె రాసి, తల మీద చెయ్యి పెట్టి తాగుడు మాన్పిస్తామనే సభల మీద చాలాకాలంగా పోట్లాడుతున్నాను. దేవుడు మనిషికి బుద్ధి ఇచ్చింది దాన్ని చెప్పులతో పాటు చర్చి గుమ్మం దగ్గర వదిలి రావడానికి కాదు. కానీ ఈసారి చిక్కు ఆ సభల దగ్గర కాదు, మా సొంత బల్ల దగ్గరే వచ్చింది.

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టెను ప్రభువు శరీరంగా, ద్రాక్షరసాన్ని ఆయన రక్తంగా తీసుకుంటాం. అందరికీ ఒకే పాత్ర. ఒక సంఘ పెద్ద దాన్ని వరస వరసకూ తెచ్చి మొదటివాడి చేతికిస్తే, చేతులు మారుతూ పోతుంది. అందులో ఉండే ద్రాక్షరసం ఆయనే ఇంట్లో జాడీలో వేసి, చక్కెర కలిపి, మూతికి గుడ్డ కట్టి పులియబెడతాడు. వాళ్ళమ్మ చేసిన పద్ధతి. దాన్ని ఆయన ప్రాణంలా చూసుకుంటాడు. ఇంకో మాట కూడా చెప్పాలి. మా దగ్గర పాత్ర ముట్టకుండా పక్కకు పంపినవాడి కడుపులో ఏదో పాపం ఉందని లెక్క. ఒప్పుకోని తప్పో, తీరని పగో ఉంటేనే అలా చేస్తారని చిన్నప్పటి నుంచీ విన్నాం.

ఆ ఆదివారం మా లిఫ్టరు రొట్టె తీసుకున్నాడు, పాత్ర పక్కకు పంపాడు. ఆరాధన ముగియకముందే గుసగుసలు మొదలయ్యాయి. బయట వేపచెట్టు కింద అతని భార్య నేను వింటుండగానే అడిగింది: "మళ్ళీ ఏం చేసినావ్?" అతను చెప్పులు వెతుక్కుంటూ ఉండిపోయాడు.

సంఘ కమిటీలో నేను లేచాను. పులియని రసం పెట్టమన్నాను. సంఘ పెద్ద బాధగా చూశాడు.

"ప్రార్థన చేసినాక అందులో మత్తు యాడుంటాది నాయనా? ప్రభువు రక్తం మనిషికి కీడు చేస్తాదా?"

"చెయ్యదంటే ఒక చెంబుడు తాగి, తిన్నగా ఆ గడప దాటి చూపించండి పెద్దయ్యా."

కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. "నీకు అన్నీ ఎగతాళే. ఆ బిడ్డకు విశ్వాసం చాలలేదని చెప్పు, ఒప్పుకుంటా."

నాకు ఒళ్ళు మండింది. సహోదరుడు తడబడి పడేలా అభ్యంతరం కాకూడదని వారం వారం వింటాం. ఆ సహోదరుడు మన మధ్యే కూర్చుని వణుకుతుంటే, అతని విశ్వాసాన్ని తూకం వేస్తామా? జబ్బు మనిషికి ఏది మందో ఏది విషమో తేల్చాల్సింది వైద్యుడు. ఇదంతా అన్నాను, ఇంకా ఘాటుగానే అన్నాను. పాస్టరు అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకుని, ప్రార్థనాపూర్వకంగా ఆలోచిద్దాం అన్నారు. మా కమిటీలో ఆ మాటకు అర్థం, ఇక ఆలోచించం అని.

మర్నాడు ఆట అయ్యాక జరిగిందంతా మా లిఫ్టరుకు చెప్పాను. వల విప్పుతూ విన్నాడు.

"వాదం సంగతి ఉండనీ అన్నా. ఆదివారం పొద్దున నేను యాడికి పోయేది? మీరందరూ చర్చిలో ఉంటారు. ఊళ్ళో తెరిచి ఉండేది బెల్టుషాపు ఒక్కటే."

ఆటో అతనే చెప్పాడు: "అయితే మేం కూడా తాగం. వరసంతా పక్కకు పంపేద్దాం. ఎవురి పాపం ఏందో వాళ్ళే తేల్చుకోనీ."

"నీ పెళ్ళాం ఊరుకుంటాదా?" అన్నారెవరో.

"నా పాపాల పట్టీ దాని దగ్గర ఎప్పటినుంచో ఉందిలే."

చాలా రోజుల తర్వాత మా లిఫ్టరు నవ్వడం చూశాను.

తర్వాతి నెల మేమంతా ఒకే వరసలో కూర్చున్నాం. రొట్టె తీసుకున్నాం. పాత్ర వచ్చింది. మొదటివాడు తల వంచి పక్కకు పంపాడు, రెండోవాడూ అంతే. నా వంతు వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఆ పాత్ర ముట్టని నెల నాకు లేదు. నేనూ పక్కకు పంపాను. ఇంతమంది ఒకేసారి వద్దనడం సంఘం ఎన్నడూ చూడలేదు. పాట ఆగిపోయింది. సంఘ పెద్ద ముఖం ఎర్రబడింది. మా వరస వదిలేసి పోవచ్చు. పోలేదు. పాత్రను మళ్ళీ తన చేతిలోకి తీసుకుని, నేరుగా మా లిఫ్టరు ముందుకొచ్చి నిలబడ్డాడు.

నేను లేవబోయాను. మా లిఫ్టరు నా మోకాలు పట్టి కూర్చోబెట్టి, తనే లేచాడు.

"పెద్దయ్యా, నేను దాచిన పాపం ఏమీ లేదు. తాగుడు నుంచి విడుదల అయిపోయిందని సాక్ష్యం చెప్పడానికీ లేదు. ఆ వాసనకే నా నోట్లో నీళ్ళూరతా ఉండాయి. భయంగా ఉంది. కొంచెం దూరంగా పట్టుకోండి."

సంఘ పెద్ద పాత్రలోకి చూశాడు, అతని ముఖంలోకి చూశాడు. తర్వాత కుడి అరచేతిని పాత్ర మూతి మీద బోర్లించి, ఒక్క అడుగు వెనక్కి వేశాడు. అలాగే మూసి పట్టుకుని మా వరస దాటి వెళ్ళాడు.

మా సంఘంలో ఇప్పటికీ పులిసిన రసమే. నేను పోట్లాడుతూనే ఉన్నాను. కానీ మా వరస దగ్గరికి వచ్చేసరికి ఆయన అరచేయి పాత్ర మీదికి చేరుతుంది. మా లిఫ్టరు రొట్టె తీసుకుని, కళ్ళు మూసుకుని, మా మధ్యనే కూర్చుంటున్నాడు.