నాయన ఇచ్చిన బీగంచెవి

మా చిన్నప్పుడు మా సీమలో తాగడానికి వయసంటూ లేదు. మద్యనిషేధం ఉండేది. మీసం రాని పిల్లవాడూ, మనవళ్లను ఎత్తుకున్న పెద్దమనిషీ చట్టం కంటికి ఒకటే. అయినా ఆళ్లగడ్డలో కావాలనుకున్నవాడికి సారాయి దొరికేది. మా నాయనకు రోజూ దొరికేది. పొలం పనుల్లో, పంచాయితీల్లో ఆయన మాటకు తిరుగులేదు. పొద్దు వాలితే మాత్రం ఎవరో ఒకరు పట్టుకుని ఇంటికి తేవలసి వచ్చేది.

నాకు పదిహేనో ఏడు నడుస్తున్నప్పుడు ఆయన నెత్తురు కక్కుకున్నాడు. ఇంకా తాగితే బతకడని నంద్యాల డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఇంటికి రాగానే గింజల కొట్టులో మంచం వేయించుకుని బీగం తెమ్మన్నాడు. మావైపు తాళాన్ని బీగమంటాం. తలుపు దగ్గర అమ్మ, అవ్వ నిలబడి ఉన్నారు. వాళ్లను కాదని, తనను లోపల ఉంచి బయట బీగం వేయమని బీగంచెవి నా చేతిలో పెట్టాడు.

"మీయమ్మ నాకు భయపడతాది. మీ అవ్వ నేను ఏడిస్తే ఓర్సుకోలేదు. నువ్వు పెట్టుకో పాపా. ఎంత మొత్తుకున్నా తీయాకు."

ఇంట్లో అందరూ నన్ను మొండిఘటమని తిట్టేవాళ్లు. ఆ మొండితనం ఒకరికి పనికొస్తుందని నాకు తెలిసింది ఆ రోజే.

మరునాటికి ఆయనకు వణుకు పట్టుకుంది. మొదట బతిమాలాడు. "ఒక్క గుక్క తాగి బేగా వచ్చేస్తా" అన్నాడు. తర్వాత తిట్లకు దిగాడు. "కన్నతండ్రిని జైల్లో పెడతాండావా? నీ మొగం సూడను పో" అని తలుపు మీద గుద్దాడు. కిటికీలోంచి ఇచ్చిన అన్నం గిన్నె గోడకేసి కొట్టాడు. అవ్వ నా గడ్డం పట్టుకుని, "తీయమ్మే, నా కొడుకు సచ్చిపోతాడు" అని ఏడ్చింది.

నిజంగానే చచ్చిపోతే? తీసినా పోతాడు, తీయకపోయినా పోతాడేమో. ఇంతమంది పెద్దవాళ్లుండగా ఈ బరువు నా నెత్తిన పెట్టాడని ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. బీగంచెవిని పావడ బొందుకు ముడివేసుకుని, గడప ముందు చతికిలబడి నేనూ గొంతెత్తి ఏడ్చాను. లోపల తిట్లు ఆగిపోయాయి.

"పాపా, ఏడుస్తాండావా?"

"ఊ."

"ఏడువు. తీయాకు మాత్రం."

వణుకు తగ్గి, తిన్న అన్నం కడుపులో నిలవడం మొదలయ్యాక నేనే తలుపు తీశాను. ఎప్పుడు తీయాలో ఆయన చెప్పలేదు. అది కూడా నాకే వదిలేశాడు. బీగంచెవి తిరిగి ఇవ్వబోతే, "నీకాడే ఉండనీ" అని వెలుతురుకు కళ్లు చికిలించుకుంటూ బావి దగ్గరికి నడిచాడు.

మరుసటి ఏడు చాగలమర్రి నుంచి నాకు సంబంధం వచ్చింది. భూములున్నవాళ్లు. అమ్మకు నచ్చింది. నాకేమో నంద్యాలలో చదువుకోవాలని ఉంది. ఆ మాట పైకి అనడానికి ధైర్యం చాలక, వాళ్లు మాట్లాడుకోవడానికి వచ్చిన రోజు లోపల తలుపు చాటున నిలబడి వింటున్నాను.

"నువ్వు ఊ అంటే ముహూర్తం పెట్టుకుందామప్పా" అన్నాడు పెళ్లికొడుకు తండ్రి.

"మా పాపను అడగల్ల" అన్నాడు నాయన.

"ఏందప్పా, పదహారేండ్ల పిల్లకేం తెలుస్తాది?"

తాగేవాడన్న సంగతి కొత్తవాళ్ల ముందు చెప్పుకోవడం మా నాయనలాంటి మనిషికి చిన్న విషయం కాదు. అయినా చెప్పాడు.

"నేను తాగి సావబోతాంటే, నా పానం తీసి దాని చేతిలో పెట్టినా. అప్పుడు దానికి పదైదేండ్లు. నా బతుకు కాసిన పిల్లకు దాని బతుకు తెలీదా?" అని లోపలికి తిరిగి, "పాపా, ఈడికి రా" అని కేకేశాడు.

వాళ్ల ముందుకు వెళ్లి నిలబడి, వద్దన్నాను. చదువుకుంటానన్నాను.

"ఇన్నారు గదప్పా" అన్నాడు నాయన వాళ్లతో. "మజ్జిగ తాగి పోండి."