సోడా మీద పోసిన నీళ్లు

గార్లదిన్నె దగ్గరి పల్లెలో వెంకటలక్ష్మమ్మ వేపనూనె సబ్బులు చేసేది. వేరుశనగ పంట వరసగా కొన్నేళ్లు ఎండిపోయాక కోడలు అశ్వినితో కలిసి మొదలుపెట్టిన పని అది. అందులో ఆమెకు ఒకటే భయం. నూనెను సబ్బుగా మార్చే కాస్టిక్ సోడా నీళ్లలో కరుగుతుంటే పొయ్యి లేకుండానే బకెట్టు కాలిపోతుంది. అందుకే ముందు నీళ్లు పోసుకోవాలి, సోడా కొంచెం కొంచెంగా వేసి కలపాలి. తిరగేసి సోడా మీద నీళ్లు పోస్తే ఉడికి పైకి చిమ్ముతుంది. కోడలికి ఈ మాట పదే పదే చెప్పింది ఆమే.

ఈ ఎండాకాలం బోరు ఎండిపోయింది. ఆ రోజు పొద్దున్నే రావలసిన ట్యాంకరు మధ్యాహ్నానికి గాని రాలేదు. ఈలోపు వెంకటలక్ష్మమ్మ సోడా తూచి ఖాళీ బకెట్టులో పోసి పెట్టుకుంది. ట్యాంకరు దగ్గర తోపులాటలో పక్కింటి లక్ష్మక్కతో మాటా మాటా పెరిగింది. ఆ కోపంతోనే రెండు బిందెలు ఇంటికి తెచ్చి, చెంబెడు నీళ్లు సోడా మీద గుమ్మరించింది.

"వద్దత్తా!" అంటూ అశ్విని బకెట్టు పక్కకు లాగబోయింది. నీళ్లు కుతకుతమని ఉడికి ఆమె ముఖం మీదికి చిమ్మాయి.

"కండ్లు మండుతాండాయత్తా! ఏమీ కనపళ్ళేదు!"

రెండు బిందెలూ ఆ ముఖం మీదే ఖాళీ అయ్యాయి. మంట తగ్గలేదు. అప్పటికే ట్యాంకరు వెళ్లిపోయింది. వెంకటలక్ష్మమ్మ వీధిలోకి పరిగెత్తింది.

"నీళ్లు తేండమ్మా! నా కోడలి కండ్లు పోతాండాయి!"

అందరికంటే ముందు లక్ష్మక్కే బిందె చంకనెత్తుకుని వచ్చింది. "కండ్లు మూయొద్దు పాపా, తెరువు," అంటూ కండ్లలోకి నీళ్లు ధారగా పోసింది. తాగడానికి దాచుకున్న నీళ్లు కూడా ఇంటింటి నుంచీ వచ్చాయి. ఆటో వచ్చేదాకా కడుగుతూనే ఉన్నారు.

అనంతపురం ఆస్పత్రిలో ఎడమ కన్ను దక్కింది. కుడి కంటికి మనుషులు నీడల్లా కనిపిస్తున్నారు. చూపు ఎంత తిరిగొస్తుందో డాక్టరు చెప్పలేకపోయాడు.

ఇంటికొచ్చాక అశ్విని ఒక్కసారే అడిగింది. "నాకు నేర్పింది నువ్వే కదత్తా. నువ్వే ఎందుకట్ల పోస్తివి?"

"కోపంలో పోసేసినా పాపా."

ఆ మాటకు కోడలు తిట్టలేదు, పోనీలే అనీ అనలేదు. మిగిలిన సోడాను అంగడికి తిరిగిచ్చేసి వెంకటలక్ష్మమ్మ కూలికి పోతోంది. పొద్దుగూకాక ఇంటికొచ్చి కోడలి కంట్లో చుక్కల మందు వేస్తుంది. చుక్క పడేదాకా అశ్విని రెప్ప తెరిచి పట్టుకుని, సోడా మీద నీళ్లు పోసిన ఆ చేతి కిందే కదలకుండా కూర్చుంటుంది.